చలి పారే దారి

(విశాఖపట్నంలో ఒక కాలనీ ఉదయపు నడక మిత్రుల సమావేశంలో, భూగోళశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవారు ముందుకు రండి, కుర్చీలున్నాయి. మొదటి వరసలో కూర్చుంటే ప్రశ్నలు అడుగుతానని భయపడకండి, ఆ ఉద్యోగం అయిపోయింది. (నవ్వులు)

చలికాలపు నడక గురించి మాట్లాడమన్నారు. ఆరోగ్య సూత్రాల కోసం వచ్చినవారు ఎవరైనా ఉంటే ముందే మనవి చేస్తున్నాను. రోజుకు ఎన్ని అడుగులు వేయాలో, చక్కెర ఎంత తగ్గుతుందో నాకు తెలియదు. ఆ విషయం మీద వచ్చే నెల డాక్టరుగారు వస్తున్నారట. నా మాటంతా దారుల గురించి. మన ఊళ్లో వాననీరు ఏ దారిన దిగుతుందో, శీతకాలపు రాత్రి చలి కూడా ఆ దారినే దిగుతుంది. పొగ కూడా అక్కడే నిలుస్తుంది. ఈ ముక్కే నల్లబల్ల మీద బొమ్మ గీసి ఎన్నో తరగతులకు చెప్పాను. నా కాళ్లకు తెలిసింది మాత్రం ఒక మిత్రుడితో కలిసి నడవడం మొదలుపెట్టాకే.

ఆ మిత్రుడు ఏలేరు కాలువ మీద లస్కరుగా పనిచేశారు. లస్కరు అంటే ఎవరో ఇక్కడి చిన్నవాళ్లకు తెలియకపోవచ్చు. కాలువ గట్టు వెంట తిరుగుతూ తూములు, షట్టర్లు చూసుకునే మనిషి. గట్టు ఎక్కడ చెమ్మగిల్లుతోందో, ఎలుక బొరియ ఎక్కడ పడిందో ముందుగా కనిపెట్టి పైవాళ్లకు కబురు చేసేది ఆయనే. ఈరోజు రమ్మంటే రాలేదు. మైకు ఉన్న చోటికి ఆయన రారు. నన్ను 'మాస్టారూ' అంటారు, నేను ఆయనను 'అన్నా' అంటాను, వయసులో నాకంటే కొంచెం పెద్ద.

హైదరాబాదులో ఉన్న మా బంధువులు ఫోను చేసినప్పుడల్లా, 'విశాఖలో చలేమిటి, ఉక్కపోత తప్ప' అని నవ్వుతారు. వాళ్ల మాటలో సగం నిజముంది. జనవరిలో మన ఊళ్లో తెల్లవారుజామున సగటున 18 డిగ్రీల దగ్గర ఉంటుంది. కారణం ఎదురుగా కనిపిస్తున్నదే. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి కావలసిన వేడి, ఒక కిలో రాతికి కావలసినదానికి నాలుగైదు రెట్లు. అంత వేడిని దాచుకున్న సముద్రం రాత్రంతా దాన్ని కొద్దికొద్దిగా వదులుతూ ఉంటుంది. అందుకే బీచి రోడ్డులో నడిచేవారు ప్రతి ఏడాదీ, 'ఈసారి చలి లేదండీ' అని తీర్పు చెబుతారు. సముద్రాన్ని పక్కన పెట్టుకుని చలి మీద తీర్పు చెప్పడం న్యాయం కాదు. రోడ్డు వదిలి గెడ్డ దగ్గరికి, అంటే కొండల మీది నుంచి దిగే వాగు దగ్గరికి రండి, అప్పుడు మాట్లాడుకుందాం.

మేము మొదట నడిచింది ముడసర్లోవ దగ్గర నుంచి. ఒక వైపు సింహాచలం కొండలు, మరో వైపు కంబాలకొండ అడవి, మధ్యలో పాత జలాశయం. ఇప్పుడు దాని నీటి మీద తేలే సౌర పలకలు కూడా ఉన్నాయి, 2 మెగావాట్లవి, సందర్శకులు వాటికే ఫొటోలు తీసుకుంటారు. మేము వెళ్లింది తెల్లవారకముందు. ఆకాశంలో మబ్బు లేదు, గాలి లేదు. ఇలాంటి రాత్రుల్లో కొండవాలు పగలు తీసుకున్న వేడినంతా ఆకాశంలోకి వదిలేస్తుంది. రాయి చల్లబడితే రాతిని తాకిన గాలీ చల్లబడుతుంది. చల్లబడిన గాలి బరువెక్కుతుంది, బరువెక్కినది వాలు మీద నిలవదు. నీరు పల్లమెరుగు అన్నారు కదా, ఆ గాలీ పల్లమే ఎరుగును.

జలాశయం దాటి కిందికి వస్తూ ఒక కల్వర్టు మీద ఆయన ఆగిపోయారు. ఆయనకు బూట్లూ మేజోళ్లూ ఉండవు, రబ్బరు చెప్పులు, పైకి మడిచిన పంచె.

'మాస్టారూ, మీకు ముఖానికి చలేస్తోందా?' అన్నారు.

'లేదు' అన్నాను.

'మరి పిక్కలకు?'

అప్పుడు చూసుకున్నాను. మోకాళ్ల నుంచి పైకి మామూలు గాలి. మోకాళ్ల కింద మాత్రం చల్లటి గాలి కదులుతోంది, నెమ్మదిగా, ఒకే వైపుకు. నాకు ప్యాంటు అడ్డు ఉంది కాబట్టి ఆలస్యంగా తెలిసింది, ఆయనకు కాలు పెట్టగానే తెలిసింది. నడక మిత్రుల సమావేశంలో చెప్పకూడదేమో గానీ, ఆయన ఒక బీడీ వెలిగించారు. (నవ్వులు) దాన్ని పీల్చకుండా వంగి నేలకు దగ్గరగా పట్టుకున్నారు. పొగ పైకి లేవలేదు. పక్కకు వాలి, కల్వర్టు అంచు దాటి, గెడ్డ పోయే వైపే పోయింది. అదే బీడీని తల ఎత్తున పట్టుకుంటే పొగ దారీ తెన్నూ లేకుండా తిరిగింది. నల్లబల్ల మీద గీసిన నా బొమ్మలన్నిటికీ ఆ బీడీ సమాధానం చెప్పింది. బీడీ వద్దనుకునేవారు అగరుబత్తి తెచ్చుకోండి.

లాసన్స్ బే దగ్గర గెడ్డ సముద్రంలో కలిసే చోటు ఉంది, అక్కడా ఇదే కథ. సూర్యుడు రాకముందు ఇసుక మీద నిలబడితే గెడ్డ మొగ దగ్గర నేల వైపు నుంచి చల్లటి గాలి వస్తూ ఉంటుంది, వంద అడుగులు పక్కకు జరిగితే తగ్గిపోతుంది. నేల మీది నుంచి సముద్రంలోకి పోయే ఆ వేకువ గాలిని చూసుకునే తరతరాలుగా తెరచాప నావలు వేటకు బయలుదేరేవి. ఎండ ఎక్కాక గాలి తిరగబడుతుంది. వాసన గురించి అడగబోతున్నారు, నాకు తెలుసు. ఉంటుంది. ఊళ్లో మురుగంతా ఆ గెడ్డల్లోనే పారుతోంది కాబట్టి ఉంటుంది. వేసవిలో ఆ దారిన నడవమని ఎవరికీ చెప్పను, వానల్లో అసలు చెప్పను. చలికాలంలో నీరు తక్కువ, కుళ్లు తక్కువ, దోమ కొంచెం మందకొడి. గెడ్డను భరించగలిగేది ఈ రెండు మూడు నెలలే.

ఇక ఊరికి అవతలి వైపు. ఉత్తరాన సింహాచలం కొండలు, దక్షిణాన యారాడ కొండలు, మధ్యలో పల్లం. నరవ గెడ్డ, మేఘాద్రి గెడ్డ వచ్చి చేరేది ఆ పల్లంలోకే. ఒకప్పుడు అది ఉప్పుటేరు, బురద నేల. దాన్ని తవ్వి ఓడరేవు చేశారు, 1933లో మొదలైంది. తరువాత విమానాశ్రయం, చుట్టూ కర్మాగారాలు వచ్చాయి. కుండపోత వానకు విమానాశ్రయంలోకి నీళ్లు వచ్చాయని పేపర్లో చదువుతాం. జనవరిలో పొగమంచు వల్ల ఉదయం విమానాలు ఆలస్యమయ్యాయనీ చదువుతాం. ఈ రెండు వార్తలనూ ఎవరూ కలిపి చదవరు. వానాకాలంలో నీరు చేరిన పల్లంలోనే చలికాలంలో చల్లగాలి చేరింది, అంతే. కింద చల్లటి గాలి, దాని మీద వెచ్చటి గాలి మూత వేసినప్పుడు, కింద పుట్టిన పొగకూ దుమ్ముకూ పైకి పోయే దారి ఉండదు. మన ఊరి గాలి చలికాలంలోనే ఎక్కువ పాడవడానికి ఇది పెద్ద కారణం. కర్మాగారం అన్ని నెలల్లోనూ ఒకే పొగ వదిలినా, డిసెంబరు, జనవరుల్లో ఆ పొగ మన దగ్గరే ఉండిపోతుంది.

దీన్ని కళ్లారా చూడాలంటే భోగి నాడు ఏదైనా కొండ మీది నుంచి చూడండి. కింద వీధివీధినా మంటలు. పొగ కొంతదూరం నిటారుగా లేస్తుంది, తరువాత ఏదో తగిలి ఆగినట్టు అడ్డంగా పరుచుకుంటుంది. అన్ని వీధుల పొగా దాదాపు ఒకే ఎత్తున ఆగుతుంది. ఆ గీత దగ్గరే వెచ్చటి గాలి మొదలైంది. వాతావరణ శాఖవారు బెలూను ఎగరేసి కొలిచే సంగతిని భోగి మన ఊరికి ఉచితంగా చూపిస్తుంది. టైర్లు తగలబెట్టేవాళ్లను మాత్రం నేను క్షమించను, అది వేరే ప్రసంగం.

కాలువ దగ్గరికి వద్దాం, అది ఆయన రాజ్యం. ఏలేరు ఎడమ కాలువను ప్రధానంగా ఉక్కు కర్మాగారం నీటి కోసం తవ్వారు. ఏలేశ్వరం దగ్గరి జలాశయం నుంచి ఇక్కడి కణితి జలాశయం దాకా 153 కిలోమీటర్లు. మీలో చాలామంది ఇళ్లలో కుళాయి తిప్పితే వచ్చే నీళ్లలోనూ దాని వాటా ఉంటుంది. అనకాపల్లి వైపు ఆ గట్టు మీద మేమిద్దరం నడిచాం, సంక్రాంతి ముందు రోజుల్లో. చంకలెత్తనివ్వని చలి అంటారే, అటువంటిది.

గెడ్డకూ కాలువకూ తేడా ఆ గట్టు మీదే అర్థమవుతుంది. గెడ్డ కొండ మీది నుంచి సూటిగా పల్లానికి దూకుతుంది. కాలువ అలా దూకకూడదు. కొండ అడ్డం వస్తే దాని పాదం పట్టుకుని చుట్టు తిరిగి, ఎత్తు పోగొట్టుకోకుండా పొదుపుగా దిగాలి. అందుకని కొండ మీది నుంచి జారే చల్లగాలి కాలువకు అడ్డంగా వచ్చి పడుతుంది. కాలువ నీరు పగటి వేడిని ఇంకా పూర్తిగా వదల్లేదు. చల్లటి గాలి వెచ్చటి నీటి మీదికి రాగానే నీటి మీద సన్నటి పొగలు లేచాయి. కొండ సందు ఉన్న చోటల్లా పొగ, సందు లేని చోట నీరు అద్దంలా శుభ్రంగా. మధ్యలో ఒకచోట పొగ చిక్కగా ఉంటే, 'ఇక్కడ పై నుంచి వాగు ఉండాలి' అన్నాను. ఆయన చేత్తో చూపించారు. కాలువ అడుగు నుంచి వాగును దాటించడానికి కట్టిన రాతి తూము అక్కడే ఉంది. నాకు కలిగిన ఆనందం ఆయనకు అర్థం కాలేదు, తూము అక్కడుందని ఆయనకు ముందే తెలుసు కదా. (నవ్వులు)

గట్టు మీద ఇద్దరు పక్కపక్కన నడవలేరు. ఒకరి వెనక ఒకరు నడవాలి. ముందు నడిచేవారిది చూపు, వెనక నడిచేవారిది మాట. వెనక్కి తిరగకుండా జవాబు చెప్పాలి కాబట్టి ముందున్నవారి మాటలు పొట్టిగా ఉంటాయి. వెనకున్న నాకు చాలాసేపు కనిపించింది ఆయన మడమలే. ఎక్కడ మట్టి మెత్తగా ఉందో ఆయన అడుగు తేలికగా పడడాన్ని బట్టి తెలిసిపోయేది. ఒంటరిగా నడిస్తే నేను ఆకాశం వైపు చూస్తూ, మబ్బులకు పేర్లు పెట్టుకుంటూ పోతాను. ఆయన ఒంటరిగా నడిస్తే నేల తప్ప చూడరు. చలి ఉండేది ఈ రెండింటి మధ్య, నడుం కింద. అక్కడికి చూపు పోవాలంటే ఇద్దరం కావలసి వచ్చింది.

అటువైపు పొలాల్లో ఆ రోజుల్లో బెల్లం వండుతూ ఉంటారు. అనకాపల్లి బెల్లం సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. చెరకులో పంచదార బాగా చేరడానికి పొడిగా, చల్లగా ఉండే రోజులు కావాలి, గానుగ ఈ కాలంలో ఆడడానికి అదొక కారణం. చెరకు మీద పరిశోధనకు అనకాపల్లిలో 1913లోనే కేంద్రం పెట్టారు. పెద్ద పెనంలో రసం ఉడుకుతుంటే, కింద చెరకు పిప్పి మండుతుంటే, ఆ పొగ కూడా పైకి పోకుండా చెరకు తోటల మీద పలచగా పరుచుకుని ఉంది. బెల్లం వాసన మాకు అర కిలోమీటరు ముందే అందింది, వండే చోటు కనిపించింది తరువాత. అక్కడివాళ్లు చేతిలో ఆకు పెట్టి వేడి పాకం పోశారు. ఆయన తిన్నారు. నాకు చక్కెర ఉందని అన్నాను, తరువాత నేనూ తిన్నాను. డాక్టరుగారికి చెప్పకండి.

ఇంతవరకు చెప్పింది చలి. గడ్డకట్టే చలి కోసం కొండెక్కాలి. నర్సీపట్నం మీదుగా ఘాట్ రోడ్డు ఎక్కితే లంబసింగి. ఎత్తు దాదాపు 1000 మీటర్లు. ఇక్కడ చిన్న లెక్క చేద్దాం, పాత అలవాటు. పైకి వెయ్యి మీటర్లు వెళ్తే సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతాయి. మన ఊళ్లో 18 ఉంటే లంబసింగిలో 11, 12 ఉండాలి. కానీ అక్కడ కొన్ని రాత్రులు మూడుకీ, రెండుకీ, అరుదుగా సున్నా దాకా దిగుతుంది. ఆ తక్కిన డిగ్రీలు ఎక్కడికి పోయాయి? సముద్రం దూరం కావడం వల్ల కొన్ని. మిగతావి, చుట్టూ ఉన్న కొండల మీది చలి రాత్రంతా దిగి ఆ పల్లంలో చేరడం వల్ల.

మేము వెళ్లేసరికి పర్యాటకుల కార్లు బారులు తీరి ఉన్నాయి. చలిమంటలు, పాటల పెట్టెలు, ప్లాస్టిక్ కప్పులు. అందరూ చెరువులవేనం కొండ మీదికి పరిగెడుతున్నారు, మబ్బుల సముద్రం చూడడానికి. అది చూడదగినదే, కాదనను. కానీ కింద లోయలో తెల్లగా నిండి కనిపించేదాన్ని మబ్బు అని ఊరుకుంటే సగమే చూసినట్టు. రాత్రి అక్కడ చేరిన చలిలో గాలిలోని చెమ్మ పొగమంచుగా మారి, ఆ చలి ఎంత ఎత్తు వరకు నిండిందో గీత గీసి చూపిస్తోంది. మా మిత్రుడు చాలాసేపు చూసి, 'ఇది చెరువు నిండినట్టే ఉంది మాస్టారూ. చుట్టూ గట్టు ఉంది, తూము లేదు' అన్నారు. పాఠ్యపుస్తకాల్లో దీనికి నాలుగు పేరాలు ఉంటాయి.

కొండ దిగి పొలాల్లోకి వెళ్లాం. గడ్డి మీద, కోసిన వరి దుబ్బుల మీద తెల్లటి పొర. పేపర్లు లంబసింగిలో హిమపాతం అని రాస్తాయి. అక్కడ ఆకాశం నుంచి ఏదీ రాలదు. గాలిలోని తేమే గడ్డకట్టే చల్లదనానికి చేరిన గడ్డిపరకను తాకి, అక్కడికక్కడే గడ్డకడుతుంది. ముందు మంచు బిందువుగా ఏర్పడి తరువాత గడ్డకట్టినది గుండ్రంగా గాజుపూసలా ఉంటుంది. తేమ నేరుగా గడ్డకట్టినది సూదుల్లా, నూగులా ఉంటుంది. ఒకే పొలంలో రెండూ కనిపించాయి. ఆయన గోటితో గీరి చూశారు, ఒకటి టప్పున ఊడింది, రెండోది పొడిపొడిగా రాలింది. ఆ సమయానికి ఉష్ణోగ్రత మూడు డిగ్రీలని ఎవరో ఫోనులో చూసి చెప్పారు. మూడు డిగ్రీల దగ్గర నీరు గడ్డకట్టడమేమిటి అంటారు కదా. ఉష్ణమాపకాన్ని పెట్టేది నేలకు నాలుగడుగుల ఎత్తున, చెక్కపెట్టెలో. గడ్డి ఉండేది నేల మీద, ఆకాశానికి ఎదురుగా. నాలుగడుగుల్లో మూడు నాలుగు డిగ్రీలు తేడా రావడం అటువంటి రాత్రుల్లో మామూలే. ముడసర్లోవ కల్వర్టు మీద మా పిక్కలు చెప్పిందీ అదే.

ఒక విచిత్రం చెప్పి ముందుకు వెళ్తాను. పొలం మధ్యలో ఒక పనస చెట్టు. చెట్టు కింద గడ్డి తడిగా, పచ్చగా ఉంది, తెలుపు లేదు. కొమ్మలు ఎంత దూరం పరుచుకున్నాయో అంత మేరా పచ్చగా, దాటగానే తెల్లగా. నేల వదిలిన వేడి ఆకాశానికి పోకుండా ఆకులు కొంత వెనక్కి పంపాయి. అక్కడి రైతులు కాఫీని సిల్వర్ ఓక్ చెట్ల నీడన పెంచడానికి ఎండ ఒక్కటే కారణం కాదు, చలి నుంచీ ఆ నీడే కాపు.

(సభలో ఒకరు: మాస్టారూ, మన కాలనీ గెడ్డ మీద పలకలు వేసి పైన పార్కింగు చేస్తే బాగుంటుందని అంటున్నారు. మీరేమంటారు?)

వద్దంటాను. నీటి సంగతి ముందు చెబుతాను. పలకలు వేసిన గెడ్డలో పూడిక ఎంత పేరుకుందో ఎవరికీ కనిపించదు, కనిపించనిదాన్ని ఎవరూ తీయరు, వాన వచ్చినప్పుడు మన గదుల్లోకి వచ్చి అది కనిపిస్తుంది. గాలి సంగతి రెండోది. గెడ్డ మీద పలక వేసినంత మాత్రాన గాలి ఆగదు, కానీ పలక వేసిన చోట మొదట బండి, తరువాత షెడ్డు, ఆ తరువాత అడ్డంగా అంతస్తులు లేస్తాయి. అప్పుడు కొండ మీది నుంచి రాత్రి దిగే శుభ్రమైన గాలికి దారి ఉండదు. జర్మనీలో స్టుట్‌గార్ట్ అనే ఊరు ఉంది, మన ఊరిలాగే కొండల మధ్య పల్లంలో కూర్చుంది, కార్ల పరిశ్రమ ఊరు. అక్కడ నగరపాలన వాతావరణ నిపుణుణ్ణి 1938లోనే ఉద్యోగంలో పెట్టుకుంది. కొండ వాలు గాలి ఊళ్లోకి దిగే దారులను గుర్తించి, వాటికి అడ్డంగా కట్టడాలు రాకుండా చూసుకుంటున్నారు. వాళ్లకు సముద్రం లేదు, మనకుంది. ఆ ధీమాతోనే మనం పట్టించుకోవడం లేదనుకుంటాను. నన్నడిగితే గెడ్డకు ఒక పక్కన ఆరడుగుల కాలిబాట వదలండి, మరో పక్క పూడిక తీసే బండికి చోటు వదలండి. కాలిబాట ఉంటే మనుషులు చూస్తారు, మనుషులు చూసే గెడ్డలో చెత్త వేయడానికి కొంచెమైనా మొహమాటపడతారు.

(మరొకరు: వచ్చే ఆదివారం మమ్మల్నీ తీసుకెళ్తారా? కుక్కల భయం లేదా?)

కుక్కలుంటాయి. నలుగురం కలిసి, చేతిలో కర్రతో, పరిగెత్తకుండా నడిస్తే వాటి దారి అవి చూసుకుంటాయి. ఒంటరిగా మాత్రం ఎవరూ వెళ్లకండి, ముఖ్యంగా అడవి అంచున. అన్నను అడిగాను, వస్తానన్నారు. రెండు షరతులు పెట్టారు. ఫోనులో పాటలు పెట్టకూడదు, పదిమంది కంటే ఎక్కువ వద్దు. పేర్లు ఆ బల్ల దగ్గర రాయించండి. మబ్బు పట్టినా, గాలి వీచినా ఆ రోజు నడక లేదు, చూడడానికి ఏమీ ఉండదు కాబట్టి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు, ఈలోగా మరో ఆదివారం దొరుకుతుంది. ముడసర్లోవ గేటు దగ్గర అయిదింటికి కలుద్దాం. మేజోళ్లు వేసుకోకండి.